చదివితేనే చిరిగే కాగితం

ల్యాబ్‌లో చేరిన కొత్తలో, లేని గీత ఒకదాని కోసం నాలుగు వారాలు వెతికాను.

పని చూడ్డానికి చిన్నదే. ఒక జీన్ మధ్యలో ఒక్క అక్షరం మార్చాం. మార్చిన చోట ‘ఇక ఆపు’ అని చెప్పే మూడక్షరాల మాట, అంటే స్టాప్ కోడాన్, వచ్చింది. ఆ జీన్‌ని కణాల్లోకి పంపితే సగం పొడవున్న ప్రోటీన్ తయారవాలి. దాన్ని చూసి, కొలిచి, నోట్‌బుక్‌లో రాసుకుని తర్వాతి పనికి పోవాలి. వెస్టర్న్ బ్లాట్ చేశాను. ప్రోటీన్లని జెల్‌లో సైజు వారీగా విడదీసి, కావలసినదాన్ని యాంటీబాడీతో పట్టుకుని గీతగా చూపించే పరీక్ష అది. మామూలు జీన్ వేసిన వరసలో నిండు సైజు దగ్గర నల్లటి గీత వచ్చింది. మార్చిన జీన్ వేసిన వరసలో నిండు గీత లేదు, అది అనుకున్నదే. పొట్టి గీత కూడా లేదు.

యాంటీబాడీని అనుమానించాను. అది పట్టుకునేది ప్రోటీన్ మొదటి భాగాన్ని, కాబట్టి పొట్టిదాన్నీ పట్టుకోవాలి. అయినా ఇంకోటి తెప్పించాను. జెల్ మార్చాను. పొట్టి ప్రోటీన్ సరిగ్గా మడత పడక కణమే దాన్ని అరగదీసేస్తోందేమో అనుకుని, ఆ అరుగుదలని అడ్డుకునే మందులు కలిపాను. ఏం చేసినా ఆ వరస ఖాళీయే. చివరికి పక్క బెంచీ సీనియర్ వచ్చి ఒక్క మాట అడిగారు: “ప్రోటీన్ సంగతి సరే, అసలు ఆర్ఎన్ఏ ఉందో లేదో చూశావా?”

చూడలేదు. జీన్‌కి ముందు ఆర్ఎన్ఏ అనే నకలు తయారవుతుంది, దాన్ని చదివితేనే ప్రోటీన్ వస్తుంది. అయినా చూడాలని తోచనే లేదు. ఒక్క అక్షరమే కదా మారింది, ఆర్ఎన్ఏకి ఏమవుతుందిలే అనుకున్నాను. కొలిస్తే మామూలు దానిలో ఐదో వంతు కూడా లేదు.

“సైక్లోహెక్సిమైడ్ కొన్ని గంటలు వేసి మళ్ళీ కొలువు” అన్నారావిడ. అది ఆర్ఎన్ఏని చదివి ప్రోటీన్ కట్టే రైబోజోమ్‌ల పని ఆపేసే మందు. కణంలో కొత్త ప్రోటీన్ తయారీ ఆగిపోతుంది. వేశాను. ఆర్ఎన్ఏ తిరిగొచ్చింది.

ఆ ఫలితం ముందు ఆ సాయంత్రం చాలాసేపు కూర్చున్నాను. రైబోజోమ్ చదవడం మానేస్తే ఆ ఆర్ఎన్ఏ బతుకుతోంది, చదివితే చస్తోంది. అంటే దానిలోని తప్పు బయటపడేది చదివినప్పుడే. చదవడానికి ముందు, కణం లెక్కలో అది అన్ని ఎంఆర్ఎన్ఏల్లాంటిదే (ప్రోటీన్ కోసం చదివే ఆర్ఎన్ఏని ఎంఆర్ఎన్ఏ అంటారు).

ఈ ప్రక్రియ పేరు నాన్‌సెన్స్ మీడియేటెడ్ డికే, పొట్టిగా ఎన్ఎండీ. దీని గురించి పాఠ్యపుస్తకాల్లో, వ్యాసాల్లో, ప్రసంగాల్లో ఎక్కువగా వినిపించే మాట ‘క్వాలిటీ కంట్రోల్’. కణంలో ఒక ప్రూఫ్ రీడర్ ఉంటాడు, తప్పుల ఎంఆర్ఎన్ఏని పట్టుకుని పారేస్తాడు అని. నేనూ కొన్నేళ్ళు అలాగే చెప్పాను, రాశాను కూడా. ఇప్పుడు ఆ మాటతోనే నాకు పేచీ. ఆ ఉపమానం అందంగానే ఉంటుంది, కానీ జరుగుతున్న పనిని తలకిందులుగా చూపిస్తుంది.

ప్రూఫ్ రీడర్ ఏం చేస్తాడు? పక్కన మూలప్రతి పెట్టుకుంటాడు, లేదా భాష వచ్చు కాబట్టి ఏది తప్పో తెలుస్తుంది. డీఎన్ఏని నకలు చేసే పాలిమరేజ్ ఎంజైమ్‌ని ప్రూఫ్ రీడర్ అంటే ఒప్పుకుంటాను. మూలపోగు దాని చేతిలోనే ఉంటుంది, జత కుదరని అక్షరం పడితే వెనక్కి వెళ్ళి తీసేస్తుంది. కేంద్రకం దాటి బయటికొచ్చిన ఎంఆర్ఎన్ఏకి ఆ వసతి లేదు. మూలం లోపలెక్కడో ఉండిపోయింది. పోల్చి చూడ్డానికి ఏమీ లేదు. పైగా ఇక్కడ తప్పు అంటున్నదేమిటి? యూఏఏ, యూఏజీ, యూజీఏ అనే మూడు స్టాప్ కోడాన్లలో ఒకటి. ప్రతి మంచి ఎంఆర్ఎన్ఏలోనూ వాటిలో ఒకటి ఉండి తీరాలి. ప్రతి వాక్యానికీ చుక్క ఉన్నట్టే. చుక్కలో దోషం లేదు, అది పడిన చోటులో ఉంది. చోటు సరైనదో కాదో మూలప్రతి లేకుండా చెప్పేదెవరు?

చెప్పేవి ఆర్ఎన్ఏని పట్టుకుని ఉండే ప్రోటీన్లు. అవి కూడా చోటు తప్పని చెప్పవు. తాము అక్కడ ఇంకా ఉన్నామని మాత్రం చెబుతాయి. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నదంతా ఈ తేడా గురించే.

కాస్త వెనక్కి, కేంద్రకంలోకి వెళ్దాం. జీన్ నుంచి మొదట తయారయ్యే ఆర్ఎన్ఏ నిడివి ఎక్కువ. అందులో పనికొచ్చే ఎక్సాన్ల మధ్య ఇంట్రాన్లు ఉంటాయి. వాటిని కత్తిరించి ఎక్సాన్లని కలిపి కుడితే ఎంఆర్ఎన్ఏ తయారవుతుంది. కుట్టే యంత్రాంగం పని ముగించి వెళ్తూ ప్రతి కుట్టుకీ 20 నుంచి 24 అక్షరాల ముందు ఒక ప్రోటీన్ల గుత్తిని వదిలి వెళ్తుంది. దర్జీ గుడ్డకి గుచ్చి తీయడం మరిచిన గుండుసూదిలాగా. దాన్ని ఎక్సాన్ జంక్షన్ కాంప్లెక్స్ అంటారు. దాని నడుమ ఉన్న ఈఐఎఫ్4ఏ3 అనే ప్రోటీన్‌కి అక్షరాలతో పని లేదు. ఏ అక్షరాలున్నా ఆర్ఎన్ఏ వెన్నెముకని పట్టుకుంటుంది. మాగో, వై14 అనే ఇంకో రెండు ప్రోటీన్లు దాని పట్టు సడలకుండా బిగిస్తాయి. ఎవరో వచ్చి తోసేదాకా అది కదలదు.

తోసేది రైబోజోమ్. బయటికొచ్చిన ఎంఆర్ఎన్ఏని అది ఒక చివర నుంచి చదువుకుంటూ పోతుంటే దారిలో ఉన్న గుండుసూదులన్నీ ఊడిపోతాయి. చాలా జీన్లలో అసలు స్టాప్ కోడాన్ ఉండేది ఆఖరి ఎక్సాన్‌లో. అంటే రైబోజోమ్ అక్కడికి చేరేసరికి ముందు ఒక్క సూదీ మిగలదు. దిగిపోతుంది, కథ అయిపోతుంది. స్టాప్ మధ్యలోనే పడితే రైబోజోమ్ మధ్యలోనే దిగుతుంది. ముందున్న కుట్ల దగ్గర సూదులు ఇంకా గుచ్చుకునే ఉంటాయి. ఆ సూదిని అంటుకుని యూపీఎఫ్3 అనే ప్రోటీన్, దాన్ని పట్టుకుని యూపీఎఫ్2 అనే ఇంకోటి ఉంటాయి. ఆగిన రైబోజోమ్ దగ్గరికి చేరిన యూపీఎఫ్1కి ఇవి చెయ్యి అందిస్తాయి. ఆ చేతులు కలిశాయంటే ఆర్ఎన్ఏ పని అయిపోయినట్టే.

ఇందులో ఎవరైనా ఒక్క అక్షరం సరిచూశారా? లేదు. రైబోజోమ్ ఆగింది, దాని ముందు ఇంకా సూది ఉంది, ఈ రెండే సంగతులు. ఆ సూది గుచ్చినప్పుడు కుట్టు యంత్రానికి స్టాప్ ఎక్కడుందో తెలియదు. స్టాప్ దగ్గర ఆగిన రైబోజోమ్‌కి సూది సంగతి తెలియదు. తెలియని ఇద్దరి మధ్య కుదిరిన ఏర్పాటు ఇది.

దీన్నుంచి వచ్చే లెక్కని ల్యాబుల్లో ‘50-55 సూత్రం’ అంటారు. లిన్ మాక్వాట్ బృందం 1998లో దాన్ని స్పష్టంగా చెప్పింది. ఆఖరి కుట్టుకి 50-55 అక్షరాల కంటే ఎక్కువ ముందు స్టాప్ పడితే ఆర్ఎన్ఏ నాశనమవుతుంది. అంతకంటే దగ్గర పడితే బతుకుతుంది, ఎందుకంటే రైబోజోమ్ ఒంటి వెడల్పే ఆ సూదిని తోసేస్తుంది. ఆఖరి ఎక్సాన్‌లో పడితే అసలు అడిగేవాళ్ళే లేరు. పొట్టి ప్రోటీన్ నిక్షేపంగా తయారవుతుంది.

ప్రూఫ్ రీడర్ ఉపమానం ఇక్కడే విరుగుతుంది. విరిగితే ఏమవుతుందో ఒక జబ్బు చెబుతుంది.

బీటా గ్లోబిన్ జీన్‌కి మూడే ఎక్సాన్లు. రక్తంలో ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్‌లో సగం గొలుసులు దీని నుంచే వస్తాయి. ఇందులో స్టాప్ పడితే థలసీమియా అనే రక్తహీనత జబ్బు రావచ్చు. 39వ కోడాన్‌లో, అంటే 39వ మూడక్షరాల మాటలో, సీఏజీ కాస్తా స్టాప్‌గా మారడం బాగా తెలిసిన మ్యుటేషన్ (జీన్‌లో వచ్చే మార్పు). అది రెండో ఎక్సాన్‌లో ఉంది. ఆ ఆర్ఎన్ఏ నాశనమవుతుంది. ఒక జీన్ ప్రతి అలా ఉండి, రెండోది మంచిదైతే మనిషికి పెద్దగా ఇబ్బంది ఉండదు. తీవ్రమైన జబ్బు రావాలంటే రెండు ప్రతులూ చెడాలి. ఇప్పుడు 121వ కోడాన్ చూడండి. అక్కడా స్టాపే పడింది, కానీ అది మూడో ఎక్సాన్, అంటే ఆఖరిది. ముందు సూదులు లేవు. ఆర్ఎన్ఏ బతికిపోతుంది. దాని నుంచి తోక తెగిన గ్లోబిన్ తయారై, ఎర్ర రక్తకణాలుగా మారాల్సిన కణాల్లో ముద్దలుగా పేరుకుని వాటినే చంపుతుంది. ఒక్క ప్రతి చెడినా చాలు, జబ్బు వస్తుంది.

రెండూ ఒక అక్షరం మారితే వచ్చిన స్టాప్‌లే. రెండో దానిలో ప్రోటీన్ ఎక్కువ భాగం సవ్యంగా తయారవుతుంది కూడా. ‘నాణ్యత’ చూసే మనిషైతే 39 దగ్గర తెగిన దానికంటే 121 దగ్గర తెగినది నయం అనుకుంటాడు. కీడు చేసింది ఆ నయమైనదే. కణం దాన్ని వదిలేసింది, ఎందుకంటే అక్కడ సూది లేదు.

ఈ రంగం పుట్టిందీ ఒకవైపు ఈ జబ్బులోంచే. 1979లో స్ట్రాస్‌బర్గ్‌లో రెజీన్ లోసాన్, ఫ్రాంస్వా లాక్రూట్ ఈస్ట్ మీద పనిచేస్తూ, స్టాప్ ముందుగా పడిన ఎంఆర్ఎన్ఏ త్వరగా నశిస్తోందని చూపించారు. అదే ఏడు బీటా థలసీమియాకి కారణం 17వ కోడాన్ దగ్గర పడిన స్టాప్ కావచ్చని చాంగ్, కాన్ చూపించారు. రెండేళ్ళకి, 1981లో, మాక్వాట్, ఆమె సహచరులు థలసీమియా రోగుల కణాల్లో ఆ ఆర్ఎన్ఏ నిలవడం లేదని తేల్చారు. నలభై ఏళ్ళకి పైగా గడిచాయి. అయినా నా లాంటి వాడు ప్రోటీన్ కనబడకపోతే ముందు యాంటీబాడీని తిట్టుకుంటున్నాడు.

ఇక్కడ ఈస్ట్ ప్రస్తావన వచ్చింది కాబట్టి నా వాదానికి పడే పెద్ద దెబ్బ గురించి నేనే చెప్పాలి. బేకింగ్ ఈస్ట్‌లో సుమారు 6,000 జీన్లుంటే ఇంట్రాన్లున్నవి 300 లోపే. గుండుసూది గుత్తి దానికి లేనే లేదు. అయినా ఎన్ఎండీ బాగానే నడుస్తుంది. మరి సూదుల కథంతా ఏమైనట్టు?

దీనికి 2004లో ఎలన్ జాకబ్‌సన్ బృందం ఇచ్చిన జవాబు నాకు బాగా నచ్చుతుంది. ఎంఆర్ఎన్ఏ చివర ‘ఏ’ అక్షరాల తోక ఉంటుంది. దాన్ని పట్టుకుని పోలి-ఏ బైండింగ్ ప్రోటీన్ అనేది ఉంటుంది. మామూలు స్టాప్ దగ్గర ఆగిన రైబోజోమ్‌కి ఆ ప్రోటీన్ దగ్గరగా ఉంటుంది, దిగడానికి సాయపడుతుంది. స్టాప్ ముందుగా పడితే తోక దూరమైపోతుంది, దిగడం ఆలస్యమవుతుంది, ఆ సందులో యూపీఎఫ్1 దూరుతుంది. ఆ ప్రోటీన్‌ని తీసుకొచ్చి ముందుగా పడిన స్టాప్ పక్కనే కట్టేస్తే ఆర్ఎన్ఏ బతికింది. అక్షరాల్లో మార్పేమీ లేదు, తప్పు తప్పుగానే ఉంది. పక్కన సరైన ప్రోటీన్ కనిపించింది కాబట్టి శిక్ష తప్పింది.

మనిషిలోనూ ఇలాంటిది ఉంది. బీటా గ్లోబిన్‌లో 15వ కోడాన్ దగ్గర స్టాప్ పడితే, సూదుల లెక్క ప్రకారం ఆ ఆర్ఎన్ఏ నాశనమైపోవాలి. అవదు, దాదాపు మామూలు మోతాదులోనే ఉంటుంది. ఎంఆర్ఎన్ఏ తల, తోక ఒకదాన్నొకటి చేరుకుని గుండ్రంగా ఉంటుంది కాబట్టి, మొదలుకి దగ్గరగా పడిన స్టాప్‌కి తోకని పట్టుకున్న ప్రోటీన్ కూడా దగ్గరే అవుతుంది. సూది చంపమంటుంటే తోక కాస్తోంది. ఇలాంటి చోట తప్పు, ఒప్పు అనే మాటలకి అర్థమేముంది?

ఇక యూపీఎఫ్1 సంగతి. చంపేది ఇదే కాబట్టి తప్పున్న ఆర్ఎన్ఏని గుర్తుపట్టి దాన్నే పట్టుకుంటుందని చాలాకాలం అనుకున్నాను. ఆర్ఎన్ఏని ఏ ప్రోటీన్ ఎక్కడ పట్టుకుందో చూపించే క్లిప్ పద్ధతితో చూస్తే అది అన్ని ఆర్ఎన్ఏల మీదా ఉంది. మంచివాటి మీద కూడా. చదివే భాగంలో రైబోజోమ్‌లు దాన్ని ఊడ్చేస్తాయి, ఆ తర్వాతి భాగంలో మిగిలిపోతుంది. తేడా పట్టుకోవడంలో లేదు, వదలడంలో ఉంది. యూపీఎఫ్1 కణానికి ఇంధనమైన ఏటీపీని ఖర్చు చేస్తూ ఆర్ఎన్ఏ మీద కదిలే, హెలికేజ్ రకం ఎంజైమ్. ఆ శక్తి ఖర్చుతోనే మామూలు ఆర్ఎన్ఏల నుంచి దిగిపోతుంది. ఏటీపీ వాడుకోలేని యూపీఎఫ్1ని తయారు చేసి చూస్తే దానికి విచక్షణ పోయింది, దొరికిన దాన్నల్లా పట్టుకుని కూర్చుంది. నేను దీన్ని చదివిన రోజు పాత నోట్స్‌లో ‘గుర్తిస్తుంది’ అని రాసిన చోటల్లా కొట్టేశాను.

వదలకుండా ఉండిపోయిన యూపీఎఫ్1కి ఎస్ఎంజీ1 అనే ఎంజైమ్ గుర్తుల్లా ఫాస్ఫేట్లు తగిలిస్తుంది. అవి చూసి ఎస్ఎంజీ6 వచ్చి స్టాప్ దగ్గరే ఆర్ఎన్ఏని రెండుగా నరుకుతుంది. లేదా ఎస్ఎంజీ5, ఎస్ఎంజీ7 జంటగా వచ్చి తోకని కొరికేవాటినీ, ఆర్ఎన్ఏ మొదట్లో రక్షణగా ఉండే టోపీని ఊడదీసేవాటినీ పిలుస్తాయి. ఆ తర్వాత ఎక్స్‌ఆర్ఎన్1 ముందు నుంచి, 1997లో ఈస్ట్‌లో దొరికిన ఎక్సోజోమ్ వెనక నుంచి మిగతాదంతా తినేస్తాయి. (ఎస్ఎంజీ పేరు వెనక ఒక తమాషా ఉంది. నులిపురుగుల్లో ఈ జీన్లు చెడితే పురుగు బతుకుతుంది కానీ జననాంగాల ఆకారం కాస్త చెడుతుంది. పేరు అందులోంచి వచ్చింది. గంభీరమైన రంగానికి ఇలాంటి పేరు పడటం నాకు సరదాగా ఉంటుంది.)

మరి ఇదంతా ఎంత కచ్చితంగా జరుగుతుంది? బతికున్న కణంలో ఒక్కో ఆర్ఎన్ఏ అణువుని వెలిగించి, అది ఎప్పుడు తెగుతుందో 2019లో మార్విన్ తానెన్‌బామ్ బృందం వరసగా చూసింది. మొదటి రైబోజోమే తీర్పు చెబుతుందని అప్పటికి చాలామంది నమ్మకం. వాళ్ళకి కనిపించింది వేరు. స్టాప్ దగ్గర ఆగిన ప్రతి రైబోజోమ్‌కీ ఆర్ఎన్ఏని చంపే అవకాశం ఇంచుమించు సమానంగా ఉంది. ఒక అణువు మొదటి చదువులోనే పోతుంది, దాని కవల పదిసార్లు చదివించుకుని పోతుంది. నాణేన్ని ఎగరేస్తూ పోవడమే. ఎప్పుడో ఒకప్పుడు బొరుసు పడుతుంది. ప్రూఫ్ రీడర్ ఇలా పనిచేస్తే ఉద్యోగం ఊడుతుంది!

నా మాటని కొట్టిపారేసే మిత్రులు ఇక్కడ ఒకటి అంటారు: “యంత్రాంగం ఎలాగున్నా ఫలితం క్వాలిటీ కంట్రోలే కదా, పేరుతో పేచీ ఎందుకు?” న్యాయమైన ప్రశ్నే. ఫలితంలో చాలాసార్లు అదే జరుగుతుంది, కాదనను. జబ్బు తెచ్చే వంశపారంపర్య మ్యుటేషన్లలో మూడో వంతు దాకా స్టాప్‌ని ముందుకి జరిపేవే అని అంచనా. వాటిలో చాలావాటి నుంచి వచ్చే విషపు ప్రోటీన్ల బారిన పడకుండా మనల్ని కాస్తోంది ఈ ఏర్పాటే. కానీ పేరు వల్ల మనకి కనపడకుండా పోయేవి రెండున్నాయి.

మొదటిది: ఎన్ఎండీ కూల్చేది తప్పులనే కాదు. కణంలోని మామూలు ఎంఆర్ఎన్ఏల్లో 5 నుంచి 10 శాతం దాకా దీని అదుపులో ఉన్నాయి. వాటిలో ఏ మ్యుటేషనూ లేదు. ఎస్ఆర్ ప్రోటీన్లనే తీసుకోండి. ఎక్కడ కత్తిరించాలి, ఎక్కడ కుట్టాలి అని చెప్పేవి ఇవి. ఇవీ ఆర్ఎన్ఏని పట్టుకునే ప్రోటీన్లే. వాటి జీన్లలో ‘విషపు ఎక్సాన్’ అని ఒకటి ఉంటుంది. దాన్ని చేర్చి కుడితే స్టాప్ వస్తుంది, ఆర్ఎన్ఏ నశిస్తుంది. ఆ ప్రోటీన్ మోతాదు మించినప్పుడు అది తన ఆర్ఎన్ఏనే పట్టుకుని ఆ ఎక్సాన్ చేరేలా చేస్తుంది. దాంతో తన తయారీ తగ్గుతుంది. తన గొంతు తనే నొక్కుకునే ఏర్పాటన్నమాట.

2004లో మనిషి, ఎలుక, చిట్టెలుకల మొత్తం డీఎన్ఏని పోలిస్తే, 200 అక్షరాలకి పైగా ఒక్క అక్షరం కూడా తేడా లేని ముక్కలు 481 కనిపించాయి. ఎస్ఆర్ జీన్ల విషపు ఎక్సాన్లలో కొన్ని సరిగ్గా ఆ ముక్కల్లోనే ఉన్నాయని 2007లో రెండు బృందాలు చూపించాయి. కోట్ల ఏళ్ళ కిందట విడిపోయిన జీవుల్లో అక్షరం పొల్లుపోకుండా కాపాడుకుంటూ వస్తున్న దాన్ని పట్టుకుని ‘చెత్త ఆర్ఎన్ఏ’ అందామా? తప్పుని ఎవరైనా ఇంత భద్రంగా దాచుకుంటారా?

యూపీఎఫ్1 లేని ఈస్ట్ హాయిగా పెరుగుతుంది. యూపీఎఫ్1 లేని చిట్టెలుక పిండం తొలి రోజుల్లోనే చనిపోతుందని 2001లో తేలింది. చెత్త పేరుకోవడం వల్లే చచ్చిందంటే నాకు నమ్మబుద్ధి కాదు. చెత్తని తీసేసే పని అంటూ పెట్టుకున్న దాన్ని కణం వేరే పనులకి అంతలా వాడుకోవడం మొదలెట్టింది, అది లేకపోతే ఎదగలేని స్థితికి వచ్చింది అనుకోవడమే నాకు సబబుగా తోస్తుంది.

రెండోది ఇంకా బాధాకరం. కూల్చడం సవ్యంగా జరిగినా మనకి నష్టం కలిగే సందర్భాలున్నాయి. ఏఎల్ఎస్ అనే జబ్బులో కండరాల్ని నడిపే నాడీకణాలు ఒక్కొక్కటే చచ్చిపోతాయి. 2006లో ఆ కణాల్లో టీడీపీ-43 అనే ప్రోటీన్ ముద్దలు కట్టి ఉందని కనుగొన్నారు. 95 శాతానికి పైగా రోగుల్లో ఇదే కనిపిస్తుంది. టీడీపీ-43 కూడా ఆర్ఎన్ఏని పట్టుకునే ప్రోటీన్. యూ, జీ అక్షరాలు మార్చి మార్చి వచ్చే చోట్ల అది కూర్చుంటుంది. అక్కడ కూర్చుని ఏం చేస్తుందో 2015లో తెలిసింది. ఇంట్రాన్లలో ఎక్సాన్‌లా కనిపించే దొంగ ముక్కలుంటాయి. కుట్టు యంత్రం కంట పడకుండా వాటిని కప్పి ఉంచడం దాని పని. అది కేంద్రకం వదిలి బయట ముద్ద కట్టిందా, ఆ ముక్కలు ఆర్ఎన్ఏలోకి చొరబడతాయి.

యూఎన్‌సీ13ఏ అనే జీన్ అందులో ఒకటి. ఒక నాడీకణం ఇంకోదానికి సంకేతం పంపాలంటే దాని ప్రోటీన్ కావాలి. దొంగ ఎక్సాన్ చేరితే స్టాప్ వస్తుంది, ఎన్ఎండీ తన పని తాను చేస్తుంది, ఆర్ఎన్ఏ పోతుంది, ప్రోటీన్ పోతుంది. ఈ జీన్‌లో ఏఎల్ఎస్ ముప్పు పెంచే అక్షర భేదాలున్నాయని 2009 నుంచీ తెలుసు, ఎందుకో తెలియదు. ఆ భేదాలుంటే దొంగ ఎక్సాన్ మరింత తేలిగ్గా చొరబడుతుందని 2022లో రెండు బృందాలు చూపించాయి. ఇక్కడ జీన్‌లో స్టాప్ తెచ్చే మ్యుటేషన్ లేదు. ఆర్ఎన్ఏని కూల్చేవాళ్ళలో లోపం లేదు. కప్పి ఉంచాల్సిన చెయ్యి ఒకటి లేచిపోయింది, అంతే. ‘క్వాలిటీ కంట్రోల్’ నూటికి నూరుపాళ్ళు పనిచేసింది, నాడీకణం మాత్రం మూగబోయింది.

ఆర్ఎన్ఏ తప్పుల్ని పట్టే ఏర్పాట్లు ఇంకా ఉన్నాయి. స్టాప్ అసలు లేని ఎంఆర్ఎన్ఏలో రైబోజోమ్ చివరిదాకా పోయి ఇరుక్కుంటే ఒకటి, 2002లో దొరికింది. మధ్యలో ఎక్కడో ముడిపడి ఆగిపోతే ఇంకోటి, 2006లో దొరికింది. వాటినీ ఎక్కువ సాగదీయను. ఆగిన రైబోజోమ్‌ని వెనక వచ్చినది గుద్దుకుంటుంది, ఆ రెండింటి మధ్య ఏర్పడే సందుని జెడ్ఎన్ఎఫ్598 అనే ప్రోటీన్ పట్టుకుంటుంది. అదీ అక్షరాలు చూడదు, ట్రాఫిక్ జామ్ చూస్తుంది.

పేరు మారితే మందు మారుతుందా అని అడిగితే, మారుతుందనే అంటాను. ఎన్ఎండీని ప్రూఫ్ రీడర్ అనుకున్నంత కాలం మన ముందున్నవి రెండే దారులు: దాని కళ్ళు కప్పడం, లేదా స్టాప్‌ని చూసీ చూడనట్టు దాటించడం. రెండో దారిలో వచ్చిన మందు అటాలురెన్. స్టాప్ మ్యుటేషన్ వల్ల డుషేన్ కండర క్షీణత వచ్చిన పిల్లల కోసం యూరప్‌లో 2014లో షరతులతో అనుమతి ఇచ్చారు. ప్రయోజనం సరిగ్గా రుజువు కాలేదంటూ 2025లో ఆ అనుమతిని పొడిగించలేదు. ఆ మందు దాటించాల్సిన ఆర్ఎన్ఏలో చాలా భాగాన్ని ఎన్ఎండీ ముందే కూల్చేస్తుంటే, మిగిలిన కాస్తతో ఎంత ప్రోటీన్ వస్తుంది? అది ఫలించకపోవడానికి ఇదొక్కటే కారణమని అనను. కానీ ఆ లెక్క మొదటి నుంచీ భయపెట్టేదే. పోనీ ఎన్ఎండీని మొత్తంగా ఆపేద్దామా అంటే, చిట్టెలుక పిండాలు గుర్తొస్తాయి.

గుండుసూదుల్ని చూసినవాళ్ళు వేరే దారి పట్టారు. 2016లో ఎడ్రియన్ క్రైనర్ బృందం ఆర్ఎన్ఏకి జతగా అతుక్కునే చిన్న ఆంటీసెన్స్ ముక్కలతో సూది గుచ్చే చోటుని కప్పేసింది. సూది పడలేదు, 39వ కోడాన్‌లో స్టాప్ ఉన్న బీటా గ్లోబిన్ ఆర్ఎన్ఏ బతికింది. కణంలోని మిగతా ఆర్ఎన్ఏల ఎన్ఎండీ మామూలుగానే సాగింది. డ్రావే సిండ్రోమ్ అనే పిల్లల మూర్ఛ వ్యాధి ఉన్న చాలామందిలో ఎస్‌సీఎన్1ఏ జీన్ ఒక ప్రతి చెడి ఉంటుంది. అక్కడ చెడినదాని జోలికి పోకుండా, మంచి ప్రతి ఆర్ఎన్ఏలో విషపు ఎక్సాన్ చేరకుండా చేసి దాని మోతాదు పెంచే మందుని మనుషుల మీద పరీక్షిస్తున్నారు. రెండింట్లోనూ ఒక్క అక్షరం దిద్దలేదు. ఆర్ఎన్ఏ ఏ రూపంలో, ఏ ప్రోటీన్లు మోసుకుని రైబోజోమ్ దగ్గరికి వెళ్తుందో దాన్ని మార్చారు.

అప్పటి నోట్‌బుక్ నా దగ్గర ఇంకా ఉంది. సైక్లోహెక్సిమైడ్ ప్రయోగం కింద ఇంకో చిన్న ప్రయోగం రాసి ఉంది. మందుని కడిగేసి, మామూలు ద్రవం పోసి, కొంచెం కొంచెం సేపటికి ఆర్ఎన్ఏ కొలుస్తూ పోయాను. తిరిగొచ్చిన ఆర్ఎన్ఏ ప్రతి కొలతకీ తగ్గుతూ వచ్చింది. రైబోజోమ్‌లు మళ్ళీ చదవడం మొదలుపెట్టాయి మరి. ఆ గ్రాఫ్ పక్కన అప్పటి నా చేతిరాతలో ‘కణం తప్పు కనిపెట్టింది’ అని ఉంది. దాన్ని కొట్టేసి కింద ఈమధ్యే పెన్సిల్‌తో రాశాను: ‘సూది ఇంకా అక్కడే ఉంది.’